చలపతిగారి కారులో దీపం

"మళ్లీ వెలిగిందండి," అన్నాడు అప్పలరాజు, తాళం తిప్పి.

చలపతి లుంగీ ఎగగట్టి, కారు కిటికీలోంచి తల లోపలికి దూర్చాడు. స్టీరింగు వెనకాల వేరుశనగ గింజంత ఎర్రదీపం. ఇంజను తిరుగుతున్నా పోవడం లేదు.

"ఆయిల్ చూశావా?"

"చూసేనండి. నిండుగానే ఉందండి."

"నిండుగా ఉంటే ఎందుకేడుస్తోందిరా అది?"

డ్రైవరు మరోసారి ఆయిల్ పుల్ల తీసి చూపించాడు. నిన్న అమలాపురం నుంచి వచ్చిన మెకానిక్ మాత్రం గేజీ పెట్టి చూసి, ఇంజను గుండ్రాయిలా ఉందని, దీపాన్ని వెలిగించే స్విచ్చే పాడైందని చెప్పి వెళ్లాడు. కాకినాడలో కొత్త స్విచ్ వేయిస్తే దీపం దానంతటదే పోతుందట. చలపతికి నమ్మకం కుదరలేదు. రాజోలులో ఆయన బావమరిది ఇలాంటి దీపాన్నే లెక్కచేయకుండా తోలి, ఇంజను పట్టేసి, కారును ఎడ్లచేత ఇంటికి లాగించుకున్నాడు. ఆ ముచ్చట ఊళ్లో జనం ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

కొత్తపేటలో కొబ్బరి వ్యాపారం చేసే చలపతి ఈ అంబాసిడర్ కొని మూడు నెలలైంది. ఆ మూడు నెలల్లో దాని మీటర్ల వంక చూసినన్నిసార్లు, ఇరవై రెండేళ్ల కాపురంలో పెళ్లాం ముఖం వంక చూసి ఉండడు.

ఆ పెళ్లాం సీతామహాలక్ష్మి, వంటావిడ వీరవేణి భుజం పట్టుకుని అరుగు దిగి వచ్చింది. నాలుగు మెట్లకి రెండుసార్లు ఆగింది. నెల్లాళ్లుగా ఆవిడకి ఆయాసం. గ్యాసని చలపతి ఎప్పుడో తేల్చేశాడు. ఎలాగూ స్విచ్ కోసం కారు కాకినాడ వెళుతోంది కాబట్టి, అదే చేత్తో డాక్టరుకి చూపించుకోమన్నాడు.

"ఏవండీ, మీరూ రాకూడదూ?"

"లారీ లోడుందే. గ్యాసుకి ఇంతమంది ఎందుకు? ఒరేయ్ అప్పలరాజూ, దీపం ఆరిపోగానే నాకు ట్రంకాల్ చెయ్యి."

"ఛ! బయల్దేరేవేళ అవేం మాటలండీ? దీపం ఆరిపోయిందని అనకూడదు. కొండెక్కిందనాలి."

"కారు దీపానికి కూడా శాస్త్రమేనా?"

"ఏదైనా దీపం దీపమేనండి."

"సరే తల్లీ. ఒరేయ్, కొండెక్కగానే చెప్పు."

"ఆయ్," అన్నాడు అప్పలరాజు.

కారు రావులపాలెం రోడ్డెక్కింది. అది మలుపు తిరిగేదాకా చలపతి ఇంజను చప్పుడే విన్నాడు. కిటికీలోంచి సీతామహాలక్ష్మి చెయ్యి ఊపిందో లేదో ఆయన చూడలేదు.

ఆ పూట ఆయనకి పని మీద ధ్యాస లేదు. కాయలు లెక్కపెట్టే మనిషి రెండుసార్లు పిలిస్తే ఒకసారి పలికాడు. కారు ఎక్కడ ఆగిపోయిందో, ఏ ఎడ్లు లాక్కొస్తాయో అని ఒకటే గుబులు. ఒంటిగంట దాటాక కొట్లో ఫోను మోగింది. కాకినాడ నుంచి ట్రంకాల్. చలపతి ఒక్క అంగలో అందుకున్నాడు.

"హలో! గట్టిగా చెప్పరా!"

"అయ్యగారండీ... దీపం కొండెక్కేసిందండీ."

"హమ్మయ్య! ఎప్పుడూ?"

"ఇప్పుడేనండి. పావుగంటైందండి."

"పూర్తిగా పోయిందా, ఇంకా మిణుకుమిణుకుమంటోందా?"

లైను గరగరలాడింది. అందులోంచే, "పూర్తిగానండి," అని వినబడింది.

"చూసినాయన ఏమన్నాడు?"

"చెయ్యాల్సిందంతా చేసేరండి. ముందే తీసుకురావలసిందన్నారండి."

"అంటారు, అంటారు! వాళ్లకదే మాట. పోనీలే, ఇక నా ప్రాణం హాయిగా ఉందిరా!"

అవతల అప్పలరాజు ఏదో అనబోయాడు. మాట సగంలోనే తెగింది. కాకినాడ లైనుకి ఎప్పుడూ ఉండే రోగమేననుకున్నాడు చలపతి.

"అయ్యగారండీ, మరి... అమ్మగారినండీ..."

"తీసుకొచ్చెయ్. తొందరపడకు, నెమ్మదిగా తోలు."

"ఆయ్. తీసుకొచ్చేస్తానండి."

ట్రంకాల్‌కిచ్చే మూడు నిమిషాలూ అయిపోయి లైను తెగిపోయింది.

చలపతి రిసీవరు పెట్టేసి తొడ చరుచుకున్నాడు. "కొండెక్కిందోయ్!" అని గుమాస్తాకి చెప్పాడు, లారీవాళ్లకి చెప్పాడు, కొబ్బరికాయ కోసం వచ్చిన పక్కింటి మీనాక్షమ్మగారికి కూడా చెప్పాడు. ఆవిడకి ఏం అర్థమైందో గాని, "మంచిది నాయనా," అంది. అందరికీ తలో బెల్లం ముక్కా పెట్టించాడు. కొట్టునిండా కొబ్బరికాయలుంటే, వాటిలో పిలకున్న నిండుకాయ ఒకటి తనే ఏరి, పసుపు రాసి పక్కన పెట్టుకున్నాడు. రాజోలు బావమరిదికి ఆ రాత్రే ఉత్తరం రాయాలనుకున్నాడు. మనసు అంత తేలికగా ఉండి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తు లేదు.

నాలుగున్నరకి కారు వీధిలోకి వచ్చింది. ఎడ్లబండి కంటే నెమ్మదిగా వస్తోంది. చెప్పినమాట విన్నాడు వెధవ, అని చలపతి మురిసిపోయాడు. ఎదురెళ్లి, నడివీధిలో ఆపి, చక్రాల ముందు కాయ కొట్టాడు. కాయ సరిగ్గా రెండు చెక్కలైంది.

"శుభం! చూశావురా, కాయ కూడా బాగా పగిలింది!"

అప్పలరాజు ఇంజను ఆపలేదు. దిగలేదు. తల ఎత్తలేదు.

వెనక సీట్లో సీతామహాలక్ష్మి, వీరవేణి ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. వీరవేణి చీరకొంగు నోట్లో కుక్కుకుని ఉంది. రోడ్డు మీద దుమ్ము అలాంటిది మరి.

"నిద్రపోయిందా? లేపకండి, అలిసిపోయుంటుంది," అని గొంతు తగ్గించి, చలపతి మురిపెంగా కిటికీలోంచి తల లోపలికి దూర్చాడు.

స్టీరింగు వెనకాల ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.