దొర ఇచ్చిన రెండెకరాలు

"వానకు సభనే జరగలే! నేను బడికి రెండెకరాలిస్తనని మీ పేపర్ల ఎట్లొచ్చింది, నరహరీ?"

ఉపేందర్‌రావు దొర వారపత్రికను ఎడిటర్ బల్ల మీద కొట్టిండు.

నరహరి కుర్చీలకెళ్లి లేచిండు. పత్రిక కరీంనగర్ల శుక్రవారమే అచ్చుకు పోవాలె, దొర ఊళ్లె సభ శనివారం. అందుకే దొర మాట్లాడినట్టు, జనం చప్పట్లు కొట్టినట్టు ముందే రాసిపెట్టిండు. రెండెకరాల ముచ్చట మాత్రం తను రాయలే.

"తప్పయింది దొరా. దొర బడికి జాగ ఇస్తలేడని వచ్చే వారం సవరణ వేస్తం."

దొర కిటికీలకెళ్లి చూసిండు. పేపర్ చూసి వచ్చిన ఊరోళ్లు పూలదండ పట్టుకొని ఆయన జీపు చుట్టూ నిలబడ్డరు.

"సభ జరగలేదని వీళ్లకు ఎరుకే గదా?"

"ఎరుకే దొరా. అయినా దండ తెచ్చిండ్రు."

దొర బల్ల మీది పత్రికను మడిచి సంకల పెట్టుకున్నడు.

"సవరణ వద్దు తియ్," అని గొణిగి, దండ వేయించుకునేటందుకు బయటికి పోయిండు.

నరహరి అక్షరాలు పేర్చే అంబదాస్ దిక్కు తిరిగిండు.

"నీది ఏ ఊరు?"

"దొరోళ్ల ఊరే సార్."

"మళ్ల ఇప్పుడేం పేరుస్తున్నవ్?"

అంబదాస్ తల ఎత్తలే.

"వచ్చే వారంది సార్. బడి పక్కన దొర బాయి గూడ తవ్విస్తుండు."