ఇరవై సెకన్ల శారమ్మ

దూడలకు పాలు తాపే మిషన్ ముందు శారమ్మ గొంతుక్కూర్చుంది.

రబ్బరు చన్ను పిండి, నాలుగు చుక్కలు అరచేతిలో పట్టి, నోట్లో పోసుకుంది.

ఫోన్లో అది చూసి శివకుమార్ మండిపోయాడు. చందూర్ దాటాక చెరుకు తోటల నడుమ ఉన్న తన డెయిరీలో అతను కెమెరా పెట్టించి మూడు రోజులే అయింది.

ఇరవై సెకన్ల ముక్క కత్తిరించి ఊరి గ్రూపులో పెట్టాడు. కింద రాశాడు: "దూడల నోటికాడి పాలు తాగే మనిషి. పనికి పెట్టుకునేటోళ్లు సూసుకోండ్రి."

తర్వాత కొట్టంలోకి పోయాడు.

"ఏందవ్వా, నువ్వు కూడ దూడవేనా? అడిగితే నేను గిలాసెడు పొయ్యనా?"

పేడ గంప దించి శారమ్మ బిత్తరపోయింది.

"తాగలే సారు. ఆ పాలు..."

"కెమెరా అబద్ధం చెప్తదా?"

"మిషన్ కడిగే నీళ్లు సల్లగ వస్తున్నయని ముందుగాల్నే చెప్పిన గద సారూ, అందుకే..."

"అది ఆటోమేటిక్! దాని పని అది చేసుకుంటది. నీకు పేడెత్తుమని చెప్పిన, మిషన్ ముట్టుమన్నానా? నడువ్!"

శారమ్మ కొంగులోంచి సీసాలు కడిగే సన్న బ్రష్ తీసి మిషన్ మీద పెట్టింది.

"గిదన్న ఈడ ఉండనీయ్ సారు."

ఆమె గేటు దాటకముందే శివకుమార్ దాన్ని పెంటకుప్పలోకి విసిరాడు.

అయిదోనాడు దూడలకు విరేచనాలు మొదలయ్యాయి. ఎనిమిదోనాటికి పన్నెండింట్లో నాలుగు పోయాయి.

నిజామాబాద్ నుంచి మెకానిక్ బెన్‌హర్ వచ్చి పైపు ఊడదీశాడు. లోపలంతా పచ్చటి జిడ్డు. కంపు భరించలేక ఇద్దరూ ముక్కు మూసుకున్నారు.

"కడిగే నీళ్ల హీటర్ వైరు పీకి ఉన్నదేందన్నా?"

"హీటర్ లోడుకు బోరు మోటరు ఎత్తుకుంటలేదని నేనే పీకిన. ఎనిమిది నెలలాయె. గిన్ని దినాలు ఏం కాలే గద!"

"సల్లనీళ్లకు పాలజిడ్డు పోతదా? మొన్నటిదాక ఎవరో చేత్తోని కడిగిండ్రు."

"ఎవరు కడుగుతరు?"

బెన్‌హర్ గోడ పక్కకు చూపించాడు. మూడు రాళ్లు, మసిబారిన కుండ, చెరుకాకు బూడిద.

"గీ పొయ్యి ఎవరిది?"

శారమ్మ చాయ్ కాచుకునే పొయ్యి అనుకున్నాడు శివకుమార్, ఇన్నాళ్లూ.

"సన్న బ్రష్ ఉన్నదా అన్నా? పైపు లోపల తోమాలె."

శివకుమార్ పెంటకుప్ప వైపు చూసి తల దించుకున్నాడు. శారమ్మ నంబరుకు ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది.

"మా అత్త లేదు సారు. మీ వీడియో సూసి ఊరంత నవ్విండ్రు. ఒక్కలు పనికి పిలువలే. ధర్పల్లి దిక్కు పోయిందంటరు, యాడున్నదో మాకే తెల్వది. ఇంకేమన్న పెట్టేదున్నదా గ్రూపుల?"

ఫోన్ పెట్టేసింది.

శివకుమార్ ఆనాటి వీడియో మళ్లీ తెరిచాడు. ఈసారి ఇరవై సెకన్ల దగ్గర ఆపలేదు.

ఇరవై ఒకటో సెకనుకు శారమ్మ ఆ పుల్లపాలు మొహం చిట్లించి ఉమ్మేసింది. పొయ్యి రాజేసి, నీళ్లు మరిగించి, పైపంతా తోమి, కొత్తపాలు మళ్లీ నాలుగు చుక్కలు తానే నోట్లో వేసుకుని చూసి, అప్పుడు గానీ దూడల తలుపు తీయలేదు.