తులసికి మంచినీళ్ళు

భీమశంకర్ బొటనవేలు దూలంలోకి గోరు దాకా దిగిపోయింది, నానిన అటుకుల్లోకి దిగినట్టు.



"ఏమైందండీ?" అంది లలిత, రంగుడబ్బాతో గుమ్మంలో నిలబడి.

మొగుడు వేలు తీసి, పడిన గుంట చూపించాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్ళు చెక్కపడవ కొని చూడలేదు.

బాల్టిమోర్‌లో ఇల్లు అమ్మేసి, ముప్పై నాలుగు అడుగుల ఈ తెరచాప పడవలోకి కాపురం మార్చి మూడేళ్ళు. వంటా, పడకా, పూజా అన్నీ అందులోనే. ఎనభై నాలుగు ఆగస్టులో దాన్ని మేరీలాండ్‌లో ఓ పడవల మరమ్మతు యార్డులో ఒడ్డెక్కించారు. అప్పట్నుంచీ ఇద్దరూ పాత రంగు గీకుతూనే ఉన్నారు, రంగులు వేస్తూనే ఉన్నారు.

ఇప్పుడు అక్టోబరు. గురువారం క్రేను వచ్చి నీళ్ళలోకి దించుతుంది. మంచు పడేలోగా తీరం వెంబడే దక్షిణానికి, ఫ్లోరిడా దాటి, బహామాస్ దీవులకి.

ఈ ఏడే వెళ్ళాలి. వచ్చే ఏడు లేదు.

భీమశంకర్ చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. రెటీనా జబ్బు, మందు లేదు. వేసవికల్లా చుక్కాని పట్టలేవని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. చూపుండగా ఒక్కసారి ఆ దీవుల దగ్గర నీలం నీళ్ళు చూడాలని అతని ఆశ.

అంతకు మించి అతను ఎవర్నీ ఏమీ అడగలేదు. దేవుణ్ణి అడిగే పని లలిత చూసుకుంటోంది, పడవ మీద పెంచుకున్న తులసికి మొక్కి.

"తులసమ్మకి కంటి డాక్టర్ లైసెన్సు ఎప్పుడిచ్చారోయ్?" అని ఏడిపించేవాడు.

యార్డు వడ్రంగి వాల్టర్ వచ్చి, టార్చి వేసి, స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది పిడి దాకా వెళ్ళింది.

తెరచాప స్తంభం బరువంతా మోసే దూలం అది.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు భీమశంకర్.

స్తంభం దించాలి, పైన చెక్కల డెక్కు విప్పాలి, కుళ్ళిన దూలం కోసి కొత్తది తొడగాలి. మార్చి దాకా అన్నాడు వాల్టర్. అతనికి అబద్ధం చెప్పడం రాదు.

"ఇలాగే వెళ్తే?"

"మొదటి గాలికే స్తంభం నీ పడక మీదకి వస్తుంది."

భీమశంకర్ కాస్త చెక్కపొట్టు గిల్లి నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు లేదు," అన్నాడు.

లలిత రంగుడబ్బా కింద పెట్టేసింది.

ఉప్పునీళ్ళు చెక్కకి చెరుపు చెయ్యవు. మంచినీళ్ళే లోపల చేరి కుళ్ళబెడతాయి. డెక్కు ఉప్పునీళ్ళతోనే కడగాలని భీమశంకర్ మొదటి రోజే చెప్పాడు. లలితకి రెండోసారి చెప్పాల్సిన పని పడలేదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మనిషి ఆమె.

కానీ తులసికి ఉప్పునీళ్ళు పోస్తారా ఎవరైనా?

స్తంభం మొదట్లో, సరిగ్గా ఆ దూలం పైన, తులసికుండీ. పడవ ఊగినా పడకుండా పీట చేసి, నాలుగు స్క్రూలతో డెక్కుకి బిగించింది అతనే. రోజూ పొద్దున్నే చెంబెడు మంచినీళ్ళు పోసి, "ఆయన కళ్ళు నిలబెట్టు తల్లీ" అని దండం పెట్టింది ఆమె. గడ్డకట్టే నెలల్లో కుండీ లోపలికి తెచ్చుకునేది. పోయడం మాత్రం మానలేదు.

"మంచినీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?" వాల్టర్ అడిగాడు.

ఆమె నోరు తెరిచింది.

"వాన," అన్నాడు భీమశంకర్, ఆమె కంటే ముందే.

వాల్టర్ తలూపి, క్రేనువాడికి రావద్దని చెప్పడానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం అన్నం వండింది. ఇద్దరూ ముట్టుకోలేదు. లలితకి చచ్చిపోవాలనిపించింది. తన చేత్తో తనే, రోజుకో చెంబు చొప్పున, ఆయన ఆశని ముంచేసింది.

తెల్లవారగానే కుండీని పెకలించి, నిచ్చెన దిగి, కంకర మీద పెట్టింది. పైన పీట కింద నాలుగు స్క్రూల చుట్టూ, నీళ్ళు దిగిన చోట, నాలుగు నల్లటి మరకలు. అలవాటుకొద్దీ నింపిన చెంబు చేతిలోనే ఉంది. దాన్నీ కంకర మీద పెట్టి కూలబడింది.

భీమశంకర్ మెట్టు మెట్టూ పాదంతో తడుముకుంటూ నిచ్చెన దిగాడు.

"ఇవాళ పోయలేదేం?"

"ఇంకేం పోస్తానండీ? వానా కాదు, గీనా కాదు. మీ పడవని కుళ్ళబెట్టింది నేనే."

"తెలుసు."

"నిన్న తెలిసిందా?"

"రెండేళ్ళయింది. నా దిండు సరిగ్గా దాని కిందే కదా. నువ్వు పోసిన కాసేపటికి ఓ చుక్క చెంప మీద పడేది. తుడుచుకునేవాణ్ణి. చుక్కకేం అవుతుందిలే అనుకున్నా."

లలితకి ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ కాపురంలో రానంత కోపం వచ్చింది.

"ఇంజనీరేనా మీరు? ఒక్క మాట చెబితే కుండీ అవతలికి జరిపేదాన్ని కదా! ఎందుకు చెప్పలేదు?"

అతను కంకర మీద ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"పోసేటప్పుడు నా కళ్ళ గురించి అడిగేదానివి. కింద పడుకుంటే వినబడేది."

ఆమె కుండీ వైపు చూసింది.

"జరిపితే నాకు వినబడదు."

పక్కనున్న వాగు మీంచి చల్లగాలి వచ్చింది. యార్డులో ఎవరో వాళ్ళ పడవకి సామాను ఎక్కించుకుంటున్నారు.

"చెంబు ఇలా ఇయ్యి," అని చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి చెంబుకి జానెడు ఇవతల, గాలిలో ఆగింది.

లలిత చెంబునే జరిపింది.