ఒక పొట్టేలు, మూడు పనులు

"ఇంకో బిందె పోయండి!" అని అరిచినాడు లక్ష్మీకాంత్.

మూడో బిందె నీళ్ళు పొట్టేలు నెత్తిన పడినాయి. అది కళ్ళు మూసి తెరిచింది, అంతే. చెవి కూడా కదిలించలేదు. మే నెల ఎండలో, మార్కాపురం పలకల క్వారీలో, నీళ్ళు నిండిన పాత గుంత గట్టున నిలబెట్టి స్నానం చేయిస్తుంటే దానికి హాయిగానే ఉన్నట్టుంది.

"ఒళ్ళు విదిలించలేదు సారూ," అన్నాడు మేస్త్రీ నరసింహం. "విదిలిస్తేనే లోపలాయన ఒప్పుకున్నట్టు. అప్పుడే కత్తి ఎత్తాల. ఆయనకు ఇయ్యాల్సింది ఇయ్యకుండా మావాళ్ళు ఒక్కడు కూడా గుంత దగ్గరికి రాడు."

లోపలాయన అంటే ఆ గుంతలో ఉండే భూతం. క్వారీ కూలోళ్ళు దాన్ని పేరు పెట్టి పిలవరు. ఆ నలభై మంది కూలోళ్ళే ఈరోజు లక్ష్మీకాంత్ సినిమాలో జనం. భూతం కాపలా కాసే బంగారం కోసం ఎగబడి చచ్చే ఆశపోతుల కథ అది, సగం భయం, సగం నవ్వు. నిర్మాత ఆయనే, డైరెక్టరూ ఆయనే. ఆశపోతు కాంట్రాక్టరు వేషానికి ఇంకొకణ్ణి పిలవడం దండగని అదీ ఆయనే వేసుకున్నాడు. దానికోసం పెద్దగా కష్టపడాల్సిన పని కూడా లేకపోయింది.

పొట్టేలు విషయంలోనూ అదే లెక్క. నరికితే షాటుకు షాటు, కూలోళ్ళ మొక్కుకు మొక్కు, ఆపైన యూనిట్ మొత్తానికి బిర్యానీ. ఒక్క దెబ్బకు మూడు పనులు.

ఈ మూడు పనుల సంగతి పొట్టేలు యజమానురాలు సుబ్బరత్నమ్మకు ఇక్కడికొచ్చి కత్తి చూసినాకనే తెలిసింది. తల్లి చచ్చిన పిల్లని సీసాతో పాలు పట్టి సాకింది ఆమె.

"యాక్టింగ్ అని చెప్పి తోలుకొస్తివి కద నాయనా! సాయంత్రానికి తిరిగిస్తానంటివి!"

"ఇస్తా లేమ్మా. ఒక గిన్నెడు నీకూ పంపిస్తా."

యూనిట్ వాళ్ళు కిసుక్కున నవ్వినారు. సుబ్బరత్నమ్మ నరసింహం వైపు తిరిగింది.

"అన్నా, ఇది ఒళ్ళు విదిలించకపోతే?"

"లోపలాయన వద్దన్నట్టే. ఇంటికి తోలుకుపోవచ్చు."

ఆ మాటతో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. పొట్టేలు మెడ చుట్టూ చేతులేసి చెవిలో చెప్పింది. "విదిలించమాక నా తండ్రీ. ఇంకొంచేపు ఓర్చుకో. ఇంటికి పోదాం."

నాలుగో బిందె పోసినారు. కదల్లేదు. అయిదోది పోసినారు. నెమరు వేయడం మొదలుపెట్టింది. లక్ష్మీకాంత్‌కు పిచ్చెక్కిపోయింది. ఎండుగడ్డి పరక తీసి దాని ముక్కులో గుచ్చబోయినాడు.

"అట్ల చేయగూడదు సారూ! తప్పు!" అని చెయ్యి పట్టుకున్నాడు నరసింహం. "బలవంతంగా విదిలిస్తే ఆయన ఒప్పుకోడు. నీళ్ళు పోసేదే మన పని."

"నీళ్ళేగా? సరే. నీళ్ళే పోస్తా." లక్ష్మీకాంత్ వ్యాను వైపు తిరిగి కేకేసినాడు. "కూల్ డ్రింకుల పెట్టెలో ఐసు నీళ్ళుంటాయి, తొట్టితో పట్టుకురండి! కెమెరా ఆన్ చేయండి! విక్టర్‌ను భూతం వేషం వేసుకుని గుంతలోకి దిగమన్నారా?"

"చెప్పినాం సార్!"

"కత్తి పడినాక నేను 'రా' అనగానే చెయ్యి పైకి రావాల. పొట్టేలు కాలు పట్టి లాగాల. ఒక్క టేకులో అయిపోవాల!"

ఐసు నీళ్ళు తెచ్చినారు. ఎంత ఓర్పున్న జీవమైనా దానికి తట్టుకోలేదు. "వద్దు నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటా," అని సుబ్బరత్నమ్మ అడ్డమొచ్చింది. ఎవరో ఆమెను పక్కకు లాగినారు.

లక్ష్మీకాంత్ తొట్టిని తానే ఎత్తినాడు, నెత్తి పైదాకా. సరిగ్గా అప్పుడే పొట్టేలు తల వంచి ఆయన మోకాలికి ఒక్కటిచ్చింది. తొట్టి తిరగబడింది. ఐసు ముక్కలతో సహా నీళ్ళన్నీ ఆయన నెత్తినే పడినాయి.

"అబ్బా!"

లక్ష్మీకాంత్ తల నుంచి మడమ దాకా ఒళ్ళంతా విదిలించినాడు.

నవ్వులే నవ్వులు. నలభై మంది కూలోళ్ళు పడీ పడీ నవ్వినారు. సుబ్బరత్నమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నరసింహం ఒక్కడే నవ్వలేదు. ఆయన మొహం తెల్లబారిపోయింది.

"సారూ, గట్టు దిగి ఇవతలికి రా. గబగబా రా."

"ఏంది నీ గోల?"

"నీళ్ళు పడినాయి. విదిలించినావు. నువ్వు విదిలించినావు సారూ."

లక్ష్మీకాంత్ కళ్ళు మెరిసినాయి. "అబ్బ, ఏం పాయింటయ్యా! ఉచితంగా దొరికింది. కెమెరా ఆపొద్దు! విక్టర్, రా!"

గుంత నీళ్ళలోంచి నల్లటి చెయ్యి ఒకటి పైకొచ్చింది. పొట్టేలును వదిలేసి లక్ష్మీకాంత్ చీలమండ పట్టుకుంది.

"ఒరేయ్, నన్ను కాదురా, పొట్టేలును!" అన్నాడు లక్ష్మీకాంత్ నవ్వుతా. "గోళ్ళు దిగుతున్నాయిరా, మెల్లగా... ఒరే విక్టర్..."

ఆ మాట సగంలోనే నీళ్ళలోకి పోయింది. రెండు బుడగలు లేచినాయి. మళ్ళీ గుంత కదల్లేదు. యూనిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. ఇంత సహజంగా ఇప్పటిదాకా ఒక్క షాటూ రాలేదన్నాడు కెమెరామన్. సుబ్బరత్నమ్మ సందు చూసుకుని పొట్టేలు తాడు అందుకుంది.

అప్పుడు వ్యాను తలుపు తెరుచుకుంది. నడుము దాకా ఎక్కిన భూతం తొడుగును రెండు చేతులా పట్టుకుని విక్టర్ తల బైట పెట్టినాడు.

"ఇంకో ఐదు నిమిషాలు సార్, ఈ జిప్పు పడి చావడం లేదు."