శిలువ మలుపు

"మోకాలికి కట్టు బిగించావా బుర్గీ?" అడిగాడు లూయిస్. ఆ కొండ మీద స్కీ పోటీలు మొదలుపెట్టించేది ముప్పై ఏళ్లుగా అతనే.

"బిగించాను బాబాయ్. మూడు ఆపరేషన్లయ్యాయిగా, లోపల నా ఎముక కన్నా డాక్టర్ల మేకులే ఎక్కువ."

"నీ వెనక నిలబడ్డ పిల్లల్ని చూడు. నువ్వు మొదటి కప్పు గెలిచేనాటికి ఉయ్యాల్లో ఉన్నారు."

"అయితే నా జాడ చూసి నేర్చుకోమను."

లూయిస్ నవ్వి, గొంతు తగ్గించాడు. "శిలువ మలుపు దగ్గర జాగ్రత్తమ్మా."

బుర్గి కళ్లద్దాలు సర్దుకుంది. పదకొండేళ్ల కిందట, సొంత ఊరి కొండ మీద, ఆ మలుపులోనే భయపడి, వేగం తగ్గించడానికి స్కీలు అడ్డం తిప్పింది. రెప్పపాటు తేడాతో కప్పు పోయింది. తర్వాత మోకాలు పోయింది. ఊళ్లో ఇప్పటికీ ఆమెను 'అడ్డం తిప్పిన బుర్గి' అనే అంటారు. ఈ ఒక్కసారైనా అక్కడ తిప్పకుండా దిగాలి. ఆమెకు కావలసింది అంతే.

"మూడు... రెండు... ఒకటి... పో!"

గాలి చెవుల్లో హోరెత్తింది. దారి గుర్తుగా పాతిన మొదటి గేట్లు దాటింది. రాతి శిలువ కనిపించగానే మోకాలు వద్దంది. బుర్గి వినలేదు. నేరుగా దూకింది. మంచు కాళ్ల కింద కరకరలాడింది, కానీ పట్టు వదల్లేదు.

కింద కంచె దగ్గర తండ్రి విన్సెంజ్ పాత స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత నాన్నా?"

"నిమిషం నలభై ఒకటి."

"మళ్లీ చూడు."

"మూడుసార్లు చూశాను. ఆ రోజు గెలిచిన పిల్ల కన్నా రెండు సెకన్లు తక్కువ."

బుర్గి హెల్మెట్ తీసింది. చెమటో కన్నీళ్లో, చెంపలు తడిగా ఉన్నాయి.

"తిప్పలేదు నాన్నా."

"చూశాను తల్లీ." ఆయన నవ్వలేదు. "ఆ రోజే ఇలా దిగి ఉంటే..."

"ఆ రోజు పోగొట్టుకోవడానికి చాలా ఉండేది."

ఆయన టోపీ తీసి ఆమె తల మీద పెట్టాడు. ఇద్దరూ కొండకేసి చూస్తూ ఉండిపోయారు. వేడి టీ కప్పులతో జనం ఇంకా ఒక్కొక్కరే వచ్చి కంచె వెంట చోటు వెతుక్కుంటున్నారు.

మైకు గరగరలాడింది.

"పోటీకి ముందుగా దిగి దారి పరీక్షించి పెట్టిన మన బుర్గికి ధన్యవాదాలు, ఇక అసలు పోటీ మొదలుపెడదాం!"