ఒకే కేబిన్

“ఆవిడని కూడా రమ్మనండి, పాపం,” అంది లెక్చరరమ్మ, ఓడ దిగే మెట్ల దగ్గర ఆగి.

చెల్లెలు వెనక్కి తిరిగి చూసింది. డెక్ మీద అక్క ఎవరో పెద్దమనిషి కోటు అంచు తిరగేసి కుట్టు చూస్తోంది. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి ఊరికే ఉండదు. పొద్దున్న టిఫిన్ల దగ్గర దాచిన బ్రెడ్డు ముక్కలతో ఆమె హ్యాండ్‌బ్యాగు ఉబ్బిపోయి ఉంది.

“ఆవిడెవరో నాకు తెలీదండీ. ఇద్దరికీ ఒకే కేబిన్ ఇచ్చారు, అంతే.”

అది నోరు జారి వచ్చిన మాట కాదు. తెలిసే అంది. లెక్చరరమ్మ ఆమె మొహంలోకి చూసి, గొడుగు విప్పింది. ఆమె భర్త డాక్టరుగారు ముందు నడిచారు.

భర్త పోయాక ఏడాదిన్నరగా చెల్లెలు గడప దాటలేదు. అక్కే పట్టుబట్టి, బట్టలు సర్ది, చెయ్యి పట్టుకుని ఓడ ఎక్కించింది. రెండో రోజు భోజనాల దగ్గర ఈ దంపతులు తమంతట తామే వచ్చి పలకరించారు. చదివిన పుస్తకాల గురించి అడిగారు. తన మాటలు వినేవాళ్ళు ఇంకా ఉన్నారని ఆమెకి చాన్నాళ్ళకి అనిపించింది.

ఆ రోజు రేవులో పడవెక్కింది, కాఫీ తాగింది, గట్టిగా నవ్వింది కూడా.

“ఎలా ఉందే ఊరు?” అడిగింది అక్క, సాయంత్రం కేబిన్‌లో.

“బాగుంది.”

“రేపూ వాళ్ళతోనే వెళ్ళు. నాకు మోకాళ్ళు సహకరించవు.”

చెల్లెలికి హాయిగా అనిపించింది. ఆ హాయికి సిగ్గు కూడా వేసింది, కాకపోతే కాస్తే.

మర్నాడు ఇంకో రేవు. ముగ్గురూ మ్యూజియం చూసి బయటికొచ్చేసరికి ఎదురుగా బెంచీ మీద అక్క. చెప్పులు విప్పి, ఒక్కతే కూర్చుని బ్రెడ్డు తింటోంది. అంత దూరం ఎలా నడిచి వచ్చిందో. ఇద్దరి చూపులూ కలిశాయి. చెల్లెలు చటుక్కున పక్క దుకాణం అద్దంలోకి తల తిప్పుకుంది. మళ్ళీ చూసేసరికి అక్క అటు తిరిగి కూర్చుంది, నిజంగానే ఎవరో పరాయి మనిషిలా.

మిషన్ మీద వంగి వంగి గూనిపట్టిన వీపు అది. తన కాలేజీ చదువంతా ఆ వీపు మీదే నడిచింది. చెల్లెలు నడక ఆపేసింది.

“ఆగండి,” అంది. “మీకు అబద్ధం చెప్పాను. ఆవిడ మా అక్క. సొంత అక్క. మీ ముందు చెప్పుకోడానికి నామోషీ అనిపించింది.”

లెక్చరరమ్మ ఆశ్చర్యపోలేదు. డాక్టరుగారు తల దించుకున్నారు.

“మాకు తెలుసమ్మా,” అంది లెక్చరరమ్మ మెల్లగా.

“ఎలా తెలుసు?”

“మిమ్మల్ని మాతో కలుపుకోమని మొదటిరోజే బతిమాలింది ఆవిడే.”