గోడకు అంటించిన గాజు

"గోడ కూలినంక కొలుస్తవా మేడం? నేను సచ్చినంక నాడి సూస్తవా?"

యాదమ్మ గడప మీద అడ్డంగా కూర్చుని అడిగింది. ఆమె వెనక సగం ఊరు నిలబడి ఉంది. కోదాడ దాటాక వచ్చే ఆ ఊరి గుట్ట కింద సాగునీటి కోసం సొరంగం తవ్వుతున్నారు. ఎక్కడి రాయి గట్టిది, ఎంత మందు పెట్టి పేల్చాలి అని లెక్క కట్టే ఇంజనీరు ప్రత్యూష. ఆమె వచ్చి అయిదు నిమిషాలు కాలేదు. మంచినీళ్ల మాట దేవుడెరుగు, నీడలోకి రమ్మన్నవాళ్లు కూడా లేరు.

"కూలకముందే వచ్చిన కదమ్మా. జర లోపలికి పోనియ్యండి," అంది ప్రత్యూష.

యాదమ్మ మరిది దుర్గయ్య ముందుకొచ్చాడు. గోడకు అవతలి ఇల్లు ఆయనదే. సొరంగం మీదికి ఊరిని కూడగట్టిందీ ఆయనే.

"ఏం సూస్తరు మేడం? పోయినేడు నా పెరట్ల బాయి తవ్వుకుంటుంటే, తూటాలు పేలిస్తే పక్కిండ్లు పలుగుతయని పంచాయతోళ్లు ఆపిచ్చిన్రు. నిజమే కదా అని పూడ్చుకొని, పైన రేకుల కొట్టం ఏసుకున్న. ఒక్క బాయికే అంతైతే, రోజూ గుట్టను పేల్చేటోళ్లను ఏమనాలె?"

"గట్లడుగు," అన్నారు జనం. దుర్గయ్యకు ఊళ్లో ఎదురు మాట లేదు. న్యాయం సంగతి ఎలా ఉన్నా గొంతు గట్టిది.

యాదమ్మ చివరికి లేచి దారి ఇచ్చింది. వంటింటి గోడకు పైనుంచి కిందికి ఏటవాలుగా పగులు, వేలు దూరేంత ఉంది.

"స్లాబ్ పోసి రెండేండ్లు గాలె. పిల్లల్ని వాకిట్ల పండవెడుతున్న. ఇది పడిపోతే నాకు ఇంకో ఇల్లు లేదు మేడం." యాదమ్మ పగులులోకి వేలు దూర్చి చూపించింది. ప్రత్యూషకు నిజంగానే జాలేసింది. కానీ జాలితో గోడ నిలబడదు కదా. వంగి పగులు వెంట చెయ్యి పోనిచ్చింది.

"పైన సన్నగుంది, కింద తెరుచుకుంది. అవతల ఏముందమ్మా?"

"మా మరిది కొట్టం."

ప్రత్యూష బయటికి వెళ్లి సొరంగం దగ్గరున్న తన మనిషి శంకర్‌తో ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి వచ్చింది. సంచిలోంచి సన్నటి గాజుముక్క తీసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు చివరలూ గోడకు అంటించింది.

"ఇదెందుకు?" అంది యాదమ్మ.

"గోడ వెంట్రుకంత కదిలినా గాజు పలుగుతది. అతుకు గట్టిపడినంక సైరన్ మోగుతది. అప్పుడు సూద్దాం."

"పలిగితే?"

"మీ గోడ పలగ్గొడుతున్న పనిని ఈ పూటనే బంద్ చేపిస్త."

"పలగకపోతే?"

"నాకు చాయ్ పోయాలె."

ఎవరో నవ్వారు. యాదమ్మ నవ్వలేదు. దుర్గయ్య మాత్రం మీసం మీద చెయ్యి వేశాడు.

"అందరు ఇన్నరు మేడం. మాట తప్పొద్దు."

"తప్పను," అంది ప్రత్యూష, ఏమాత్రం తడుముకోకుండా.

అతుకు ఆరింది. కాసేపటికి గుట్ట వైపు నుంచి సైరన్ మోగింది. సైరన్ మోగగానే అందరినీ బడి దగ్గరికి తోలడం రోజూ దుర్గయ్య పనే. "నడువున్రి, నడువున్రి. రాళ్లొచ్చి పడితే ఎవడు జిమ్మేదారి?" అంటూ చేతులూపి వీధంతా ఖాళీ చేయించాడు.

"నేను రాను. నా గోడను నేనే సూస్కుంట," అంది యాదమ్మ. ప్రత్యూష పక్కనే నిలబడింది.

ఉన్నట్టుండి కాళ్ల కింద నేల ధడేలుమంది. పొయ్యి మీది గిన్నె మూత గలగలలాడింది. గాజు మధ్యలో సన్నటి గీత పడి, ఒక ముక్క ఊడి యాదమ్మ పాదాల దగ్గర పడింది.

"పలిగింది," అని అరిచింది యాదమ్మ. "రాండ్రి, సూడున్రి. నేను అబద్ధమాడిన్నా?"

జనం పరుగెత్తుకొచ్చారు. విరిగిన గాజును ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చూశారు. అందరికన్నా వెనక దుర్గయ్య వచ్చాడు, తువ్వాలతో తల దులుపుకుంటూ. బడికి వెళ్లే బాట ఎర్రమట్టిది. ఆయన తల నిండా, కనుబొమల మీదా తెల్లటి రాతిపొడి. ఆ సందట్లో అదెవరికి పట్టింది?

"సూసిన్రా ఎట్ల పేల్చిన్రో? నా ఇల్లు కూడ అదిరింది. ఇగ ఏమంటరు మేడం?"

"అనేదేముంది? చెప్పినట్టే పని ఈ పూట నుంచే బంద్."

యాదమ్మ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ప్రత్యూష చెయ్యి పట్టుకుంది. "నిన్ను ఎన్నో మాటలన్న బిడ్డా. నీ టన్నెల్ ఆగిపోతే నీకేం ఇబ్బంది రాదు గదా?"

"మా టన్నెల్ల ఇయ్యాల మందే పెట్టలేదమ్మా, సైరన్ ఒక్కటే కొట్టిచ్చిన," అని ప్రత్యూష దుర్గయ్య వైపు తిరిగింది. "ఇంతకీ, మీ బాయిల నీళ్లు పడ్డయా?"